ఇరవై ఏడో నంబరు భారం

మా ఇంట్లో భయపడే పని నాది. మా ఆయన గవరయ్య కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్; ఆయనకు భయపడే తీరిక లేదు. మా అమ్మాయి యామిని ఎనిమిది వందల మీటర్లు పరుగెడుతుంది. దానికి భయపడే బుద్ధి లేదు. అంచేత ముగ్గురి వాటా నేనే చూసుకుంటున్నాను. యామిని జిల్లా క్రీడా హాస్టల్లో చేరి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఫోను మోగినప్పుడల్లా దాని కాలు విరిగిందనుకున్నాను. మోగనప్పుడల్లా ఫోను చేసే చెయ్యి కూడా విరిగిందనుకున్నాను.

అలాంటి నాకు ప్రభుత్వం తోడొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

జూన్ నెలలో హాస్టల్ నుంచి ఉత్తరం వచ్చింది. "క్రీడాకారుల శిక్షణ భారమును, తత్ఫలితముగా వారి దేహమనస్సులయందు సంభవించు మార్పులను నిరంతరము పర్యవేక్షించుటకు నిర్ణయించడమైనది. తల్లులు విధిగా హాజరు కావలెను" అని ఉంది అందులో. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. "భారము", "విధిగా" అన్న రెండు మాటలు అర్థమయ్యాయి. ఆ రెండూ చాలు. బస్సులో గంటన్నర ఏడుస్తూనే వెళ్ళాను.

పక్క సీట్లో చిన్నమ్మలు కూర్చుంది. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళమ్మాయి భవాని అదే హాస్టల్లో ఈటె విసురుతుంది.

"ఎవులు పోయారు, అలగేడుస్తన్నావు?" అంది.

"ఇంకా తెలీదు. ఉత్తరంలో రాయలేదు" అన్నాను.

హాస్టల్ హాల్లో మా అందరికీ పరాంకుశం గారిని పరిచయం చేశారు. ఆయన శిక్షణ భార పర్యవేక్షణాధికారి. అంతకుముందు ఇరవై రెండేళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, కిరాణా కొట్లలో తూకం రాళ్ళకు ముద్ర వేశారట. డెప్యుటేషన్ మీద మా పిల్లల దగ్గరికి వచ్చారు. మైకు ముందు నిలబడి, ముందు మైకు ఎత్తు సరిచూసి, తర్వాత మాట్లాడారు.

"తల్లులారా! ఈ రాష్ట్రమందు కిలో పంచదారకున్న లెక్క మీ బిడ్డ పరుగుకు లేదు. ఎంత పరుగెత్తినది? ఎంత అలసినది? ఎవ్వరికీ తెలియదు. ఇకమీదట అటువంటి అరాచకము చెల్లదు."

ఆయన చెప్పిన పద్ధతి ఇది. ప్రతి పిల్లకూ ఒక నంబరు. చేతికి వాచీలాంటి నల్ల పట్టీ. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదీ అది ఆఫీసు కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. రోజూ పొద్దున్నే పిల్లలు అయిదు సంగతులకు మార్కులు వేసుకోవాలి: నిద్ర, ఆకలి, ఒళ్ళునొప్పులు, అలసట, మనసు. చాలా బాగుంటే అయిదు, చాలా బాగోలేకపోతే ఒకటి. సాధన అయ్యాక ఎంత కష్టమనిపించిందో సున్నా నుంచి పది లోపల చెప్పాలి. దాన్ని నిమిషాలతో హెచ్చవేస్తే ఆ రోజు భారం వస్తుంది. భారం ఒక్కసారిగా పెంచితే దెబ్బలు తగులుతాయి. తగు విశ్రాంతి ఇస్తే ఒళ్ళు అలవాటుపడి గట్టిపడుతుంది. కంప్యూటరులో పచ్చరంగు వస్తే పరుగెత్తొచ్చు. పసుపు వస్తే కమిటీ ఆలోచిస్తుంది. ఎరుపు వస్తే సంపూర్ణ విశ్రాంతి.

పరుగు నేర్పే దాలినాయుడు మాస్టారు వెనక వరసలోంచి లేచారు. "పద్ధతి మంచిదే సార్. కానీ పిల్ల మొకం సూస్తే కూడా కొంత తెలుస్తాది. అదీ ఓ పక్కన పెట్టుకుందాం."

"మొకము కొలమానము కాదు నాయుడుగారూ. దానికి ముద్ర వేయుట సాధ్యము కాదు."

నేను చెయ్యెత్తాను. "అయ్యా, పరిగెడతంటే కుక్క తరిమిందనుకోండి. ఆ భారం కూడా లెక్కలో వస్తాదా?"

హాల్లో అందరూ నవ్వారు. పరాంకుశం గారు నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి "కుక్క" అని రాసుకున్నారు. నా భయాన్ని ఒక మనిషి కాగితం మీద రాసుకోవడం నా జన్మలో అదే మొదలు. ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

వచ్చేటప్పుడు దాలినాయుడు మాస్టారు గేటు దగ్గర ఆగి ఒక మాట చెప్పారు. దసరా అయ్యాక రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు మా హాస్టల్ మైదానంలోనే జరుగుతాయి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు. యామినికి ఇదే ఆఖరి ఏడు. మొదటి ముగ్గురిలో వస్తే హాస్టల్లో ఇంకో మూడేళ్ళు ఉండి పరుగెత్తొచ్చు. రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే, పరుగు అంతటితో సరి.

"వస్తాదమ్మా. దానికి కాళ్ళున్నాయి, ఊపిరుంది. రోజూ పరిగెట్టాలి, అంతే" అన్నారు.

ఆ రాత్రే యామినికి ఫోన్ చేశాను.

"ఏటే, పొద్దున్న మార్కులేస్తావు కదా, అయిదుకి అయిదూ వేసీకు."

"ఎందుకమ్మా? నాకు బాగానే ఉంది కదా."

"ఆ మాటే అనొద్దంటన్నాను. నలుగురు సూసే కాగితం మీద బాగున్నాను, బాగా తింతన్నాను, బాగా పడుకుంతన్నాను అని ఎవులైనా రాస్తారా? దిష్టి కొట్టీదా? రెండు వెయ్యి. మరీ మొకమాటమైతే ఓ దగ్గర మూడు వెయ్యి."

"అమ్మా, కంప్యూటరుకి దిష్టేటి?"

"కంప్యూటర్ని సూసీది మనుసులే కదే!"

మా ఇంట్లో అదే అలవాటు. పిల్ల ఎలా ఉందని ఎవరడిగినా "ఏదో ఉంది" అంటాం. బాగా ఎదిగిందే అంటే "ఏం ఎదిగింది, పుల్లలా అయిపోయింది" అంటాం. పదిహేడేళ్ళుగా నేను నా కూతురు బాగుందని నోటితో అనలేదు. అనలేదు కాబట్టే బాగుందని నా నమ్మకం. ఇప్పుడు కాగితం మీద రాసి చెడగొట్టుకుంటానా?

వారం తిరక్కుండా హాస్టల్లో అరవై నలుగురు పిల్లలకు గాను అరవై ముగ్గురికి ఎరుపు వచ్చింది. నేనొక్కదాన్నే తెలివైనదాన్ననుకున్నాను. జిల్లాలో ఉన్న తల్లులందరూ ఆ రాత్రే ఫోన్లు చేశారు.

పచ్చరంగు వచ్చింది చిన్నమ్మలు కూతురు భవాని ఒక్కదానికే. చిన్నమ్మలుకు దిష్టి అంటే లెక్క లేదు. భవాని నిజం రాసింది: అయిదు, అయిదు, అయిదు, అయిదు, అయిదు. అరవై ముగ్గురు నీరసపడ్డ చోట ఒక్క పిల్ల ఇంత ఆరోగ్యంగా ఉండటం అసహజమని పరాంకుశం గారు దాని పట్టీ విప్పించి తనిఖీకి పంపారు. తనిఖీ పూర్తయ్యేదాకా ఈటె ముట్టరాదని భవానికి నోటీసు ఇచ్చారు.

మిగతా అరవై ముగ్గురికి సంపూర్ణ విశ్రాంతి. పరాంకుశం గారు మాకందరికీ ఉత్తరాలు రాశారు. "మీ బిడ్డలు ఇంతకాలమూ ఎంతటి అధికభారముతో కృశించుచుండిరో ఈ విధానము ఒక్క వారములో బయల్పరచినది" అని. ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. నేను చెప్పించిన అబద్ధమే. అయినా ప్రభుత్వం ముద్ర వేసి పంపేసరికి నిజంగానే నా పిల్ల కృశించిందేమోనని అనుమానం పట్టుకుంది.

విశ్రాంతి ఇచ్చినా మార్కులు మారలేదు. ఎలా మారతాయి? దిష్టి అనేది మనం పడుకున్నామని ఊరుకోదు కదా. పిల్లలు రెండేస్తూనే ఉన్నారు. దాంతో ఆఫీసువాళ్ళకు అర్థమైందేమిటంటే, పరుగు ఆపినా ఇంకా ఏదో భారం పిల్లల మీద పడుతోందని. వెతకడం మొదలుపెట్టారు.

మొదట మెట్లు దొరికాయి. మేడ మీద గదులు మూసేసి పిల్లల్ని కింద హాల్లో పడుకోబెట్టారు. తర్వాత భోజనాల గదికి నడక దొరికింది. కంచాలు మంచాల దగ్గరికే వచ్చాయి. ఒకరోజు హాల్లో ఎవరో జోకు వేస్తే పన్నెండు మంది గుండెలు ఒకేసారి నూట పది దాటాయి. వెంటనే గోడకు బోర్డు పెట్టారు: "హాస్యము ముందస్తు అనుమతితో మాత్రమే." అనుమతి కావాలంటే జోకును రెండు ప్రతులు రాసి ఇవ్వాలి. ఒక ప్రతి కార్యాలయములో ఉంచబడును.

తర్వాత తల్లులు దొరికారు.

శుక్రవారం సాయంత్రం నేను ఫోన్ చేస్తే యామిని బదులు వార్డెనమ్మ ఎత్తింది. "సన్యాసమ్మగారూ, మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఇరవై ఏడో నంబరు గుండె పద్దెనిమిది దెబ్బలు ఎక్కువ కొట్టుకుంటోంది. మిమ్మల్ని బాహ్యభారం కింద నమోదు చేశాం. వారానికి మూడు నిమిషాలు మాత్రమే."

"నేను దాన్ని తిన్నావా అని అడుగుతాను, అంతే కదమ్మా."

"మొన్న 'నీ గదిలో ఫేను ఊడిపోతాదేమో సూసుకో' అన్నారు. అన్నాక నలభై నిమిషాలు దిగలేదు."

ఇలా జులై పోయింది, ఆగస్టు పోయింది. మైదానంలో గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. గోడ దూకి మేకలొచ్చాయి. మూడు నెలల్లో ఒక్క పిల్లకు కాలు బెణకలేదు, ఒక్క మోకాలు చెక్కుకుపోలేదు. రాష్ట్రంలో ఇలాంటి హాస్టల్ ఇంకోటి లేదని పైనుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది. గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించారు: "గాయరహిత క్రీడా ప్రాంగణము." పక్క జిల్లాల అధికారులు బస్సు వేసుకుని చూడటానికొచ్చారు. మంచాల మీద వరసగా పడుకున్న పిల్లల్ని చూసి "అద్భుతం" అన్నారట. ఒకాయన "వీళ్ళు ఏం ఆడతారు?" అని అడిగాడట. ఆయన్ని మళ్ళీ తీసుకురాలేదు.

నాకు మాత్రం సెప్టెంబరులో కొత్త భయం మొదలైంది. పాత భయాలన్నీ పరుగెడితే ఏమవుతుందోనని. ఇది పరుగెత్తకపోతే ఏమవుతుందోనని. దసరా ఇంకా మూడు వారాలే ఉంది.

నా మూడు నిమిషాల్లో యామినికి గుసగుసగా చెప్పాను: "ఒసే, దిష్టి సంగతి నేను సూసుకుంటాను. నువ్వు అయిదులేసీ."

"వేసీనమ్మా నిన్ననే. రెండు నుంచి అయిదుకి ఒక్కరోజులో ఎలగెక్కిందీ అని ఎంక్వైరీ పెట్టారు. అసహజ పురోగతంట. నెమ్మదిగా ఎక్కాలంట, పదిహేను రోజులకి ఒక్క మార్కు. నేనూ భవానీ ఇప్పుడు ఒకే ఫైల్లో ఉన్నాం."

లెక్క కట్టుకున్నాను. పదిహేను రోజులకొక మార్కు చొప్పున మా అమ్మాయి ఆరోగ్యంగా అయ్యేసరికి దీపావళి వెళ్ళిపోతుంది.

"మరెలాగే? నీ పరుగో?"

దానికి నవ్వొచ్చింది. "అమ్మా, తలంటుకుని సానా సేపయింది, ఉంటాను" అంది. ఫోను పెట్టేశాక చిన్నమ్మలు చెబితే అర్థమైంది. పట్టీ తీయడానికి అనుమతి ఉన్నది స్నానానికి ఒక్కదానికే, పూటకు ఇరవై నిమిషాలు. ఈ మధ్య హాస్టల్లో పిల్లలు రోజుకు మూడు పూటలా స్నానాలు చేస్తున్నారు. స్నానాల గదుల వెనక గోడ. గోడ వెనక కాలవ గట్టు. గట్టు మీద వాచీ పట్టుకుని దాలినాయుడు మాస్టారు. పిల్లలు ఒళ్ళంతా తడిసి, తల మాత్రం పొడిగా తిరిగొస్తున్నారు. అది పరిశుభ్రత మీద పెరిగిన శ్రద్ధ అని పరాంకుశం గారు నివేదికలో రాశారు.

దసరా ముందు ఆదివారం పిల్లల్ని చూడటానికి పగలు పది గంటలకు వెళ్ళాను. బాహ్యభారం నమోదు పుస్తకంలో సంతకం పెట్టి వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. యామిని వచ్చి నా పక్కన కూర్చుంది. చుట్టూ చూసి, పట్టీ విప్పి నా చేతికి పెట్టేసింది.

"ఒక్క గంట ఇలాగే కూకోమ్మా. నువ్వు కూకుంటే నేను కూకున్నట్టే ఉంటాది. మాస్టారు ఇయాల పూర్తి పరుగుకి టైం కడతారు. ఇరవై నిమిషాలు సరిపోదు."

"గట్టు మీదా? అక్కడ..."

"కూకోమ్మా. నువ్వు చెయ్యాల్సింది అదొక్కటే. ఊరికే కూకో!"

వెళ్ళిపోయింది. ఊరికే కూర్చోవడం ఏమంత పని అనుకున్నాను. ముందు కాలవ గుర్తొచ్చింది. నిండుగా ఉంటుంది ఈ నెలలో. గట్టు మీద తడిగా ఉంటుంది. జారితే? మా అమ్మాయికి ఈత రాదు. మాస్టారికి వచ్చా? ఆయనకి అరవై ఏళ్ళు. దూకితే ఆయన కూడా పోతారు. ఆయన భార్యకి నేను ఏమని చెప్పాలి? ఇసుక లారీలు ఆ గట్టు మీద నుంచే వెళ్తాయి. డ్రైవర్లు ఫోను చూస్తూ నడుపుతారు. పోనీ లారీ తప్పుకోవడానికి పక్కకి గెంతితే అక్కడ పొదలున్నాయి. పొదల్లో...

ఆఫీసులో గంట మోగింది.

అప్పటికి ఇరవై ఏడో నంబరు, బెంచీ మీద కదలకుండా కూర్చుని, నూట అరవై మూడు దగ్గరుందట. పట్టీలొచ్చాక ఈ హాస్టల్లో కూర్చున్న వాళ్ళెవరికీ అంత రాలేదట. గంట ఎందుకు మోగిందో నాకు తెలియదు. గట్టు మీద ఏదో అయిందనే అనుకున్నాను. నూట ఎనభై దాటింది.

స్ట్రెచరు మోసుకుని నలుగురు ఆఫీసు మెట్లు దిగుతుండగా, గంట విని యామిని గోడ దూకి పరుగున వచ్చి పట్టీ లాక్కుని తన చేతికి పెట్టుకుంది. వాళ్ళొచ్చేసరికి అది రొప్పుతోంది, ఒళ్ళంతా చెమట.

"చూడుడు! ఆ ఊపిరి చూడుడు! ఆ స్వేదము చూడుడు! కూర్చున్నచోట ఎంతటి భారము!" అన్నారు పరాంకుశం గారు.

పరుగు నుంచి వచ్చిన పిల్లను స్ట్రెచరు మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. అది తల తిప్పి నావైపు చూసింది. "కూకోమన్నాను కదే అమ్మా" అన్నట్టు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఏడో నంబరుకు అత్యంత తీవ్ర ఎరుపు. ఇరవై ఒక్క రోజులు మంచం దిగరాదు. ఎంపిక పోటీలు పన్నెండు రోజుల్లో.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు. "తీగలో కరెంటు ఎక్కడిదో సెప్పకుండా ఫ్యూజు మార్చీమంటే ఎలగవుద్ది? నీదని సెప్పీ" అన్నాడు.

మర్నాడే భార సమీక్షా కమిటీ ముందుకు వెళ్ళాను. చిన్నమ్మలు కూడా వచ్చింది, భవాని ఫైలు కోసం. దాలినాయుడు మాస్టారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. బల్లకు అటుపక్క పరాంకుశం గారు, ఇంకో ఇద్దరు.

"అయ్యా, ఆ గుండె నాది" అన్నాను.

"ఏ గుండె?"

"ఆదివారం నూట ఎనభై కొట్టుకుంది కదండీ. పట్టీ నా చేతికుంది. పిల్ల గట్టు మీద పరిగెడతంది. నేను కూకుని భయపడ్డాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కూర్చున్న గృహిణికి నూట ఎనభై ఆరోపించుట శాస్త్రసమ్మతము కాదు. నిరూపణ కావలెను" అన్నారు పరాంకుశం గారు. నా చేతికి పట్టీ పెట్టారు. కంప్యూటరు నావైపు తిప్పారు. ఎనభై రెండు.

ఎనభై రెండే! అంతమంది ఆఫీసర్ల ముందు, నా కూతురి పరుగు పోతున్న వేళ, నా గుండె ఎన్నడూ లేనిది నింపాదిగా కొట్టుకుంటోంది. అబద్ధాలకోరుదాన్నయిపోయాను.

"ఈవిడికి ఏదోటి సెప్పండి బాబూ! ఊరికే ఉంటే రాదు, మాట పడాలి" అంది చిన్నమ్మలు.

దాలినాయుడు మాస్టారు గుమ్మంలోంచి బయటికి చూస్తూ, నెమ్మదిగా అన్నారు: "సన్యాసమ్మగారూ, యామిని మేడమెట్లు దిగుతోందండి."

నూట పద్దెనిమిది.

"పరిగెట్టుకుంటూ దిగుతోందండి."

నూట నలభై.

"చేతిలో కత్తెర ఉన్నట్టుందండి."

నూట డెబ్బై ఒకటి. కుర్చీలోంచి లేచిపోయాను. బల్లకు అటుపక్క ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళు రాళ్ళు తూచిన మనిషి జీవితంలో మొదటిసారి సరైన తూకం చూసినట్టు నన్ను చూశారు పరాంకుశం గారు.

"అయినచో ఉదయపు మార్కులో? నిద్ర రెండు, ఆకలి రెండు, మనస్సు రెండు. అవి ఎవరివి?" అన్నారు ఆయన.

గట్టు సంగతి చెప్పడం సులువు. ఇది సులువు కాదు. ముగ్గురు మగవాళ్ళ ముందు, పదిహేడేళ్ళు కప్పి దాచుకున్నది తీసి బల్ల మీద పెట్టాలి.

"అవి కూడా నావే. దిష్టికి జడిసి వేయించాను. మా అమ్మాయి..." గోడవైపు చూస్తూ చెప్పాను. "మా అమ్మాయి బాగుంది. పడుకుంటే పొద్దున్న దాకా లేవదు. పెట్టిందంతా తినీసి మళ్ళీ గిన్నెలో సూస్తాది. దానికి ఏ నొప్పీ లేదు. గుర్రంలాగుంది. మీ జిల్లాలో దానంత గట్టి పిల్ల లేదు."

కంప్యూటరు ఏ అంకె చూపించిందో నేను చూడలేదు. చిన్నమ్మలు నా భుజం మీద చెయ్యి వేసింది.

పరాంకుశం గారు ఫైలు మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, దస్త్రమందు ఒకసారి నమోదైన భారమును కొట్టివేయు అధికారము ఎవ్వరికీ లేదు."

"అయ్యా..."

"కాని బదిలీ చేయు అధికారము నాకున్నది."

ఉత్తర్వు అక్కడే టైపు చేయించారు. ఇరవై ఏడో నంబరు పేరిట నమోదైన భారమును వాస్తవముగా మోసిన వ్యక్తి తల్లి అయినందున, ఇరవై ఒక్క దినముల సంపూర్ణ విశ్రాంతి ఆమెకే వర్తించును. ఆమె హాస్టల్ చికిత్సాగదిలో, పట్టీ ధరించి, మంచము దిగకుండ ఉండవలెను. ఆటలు చూచుట, వాటిని గూర్చి వినుట నిషిద్ధము. కుమార్తె యథేచ్ఛగా పరుగెత్తవచ్చును.

"పడుకోబెట్టీసీరా పిల్లని?" అన్నాడు మా ఆయన ఫోనులో.

"దాన్ని కాదు, నన్ను. ఇరవై ఒక్క రోజులు. చారు పొడి గూట్లో ఉంది. స్తంభం ఎక్కేటప్పుడు గ్లవుజులు మర్చిపోకు" అన్నాను. అప్పుడే నూట పది దాటిందని వార్డెనమ్మ వచ్చి ఫోను తీసేసుకుంది.

పోటీల నాడు చికిత్సాగది కిటికీలు మూశారు. గడ్డి కోయించిన మైదానం గోడకు అవతలే ఉంది; ఈల వినిపిస్తోంది, మనుషులు వినిపిస్తున్నారు. తలుపు బయట చిన్నమ్మలు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. మైదానం దానికి కనిపిస్తుంది. నాకు చెప్పకూడదని దానికి నోటీసిచ్చారు. నోటీసు దాని దగ్గర చెల్లుతుందా?

"నిలబడ్డారు," అంది తలుపు సందులోంచి. "మీదాని బూటు లేసు ఊడిపోనాది."

"ఓలమ్మో!"

"ఉత్తినే అన్నాను. ఏడుపు మానీసి విను. ఎలిపోనారు! మీది ఆరోది."

"ఆరా?"

"ఒక సుట్టయింది. అయిదు. ఆ పొడుగు పిల్ల మోసేయి పెడతంది... లేదు, తప్పుకుంది మీది. నాలుగు."

నేను మంచం దిగలేదు. ఉత్తర్వు ప్రకారమే పడుకున్నాను, కాళ్ళు రెండూ దుప్పటి కింద కొట్టుకుంటున్నాయి. నా పిల్ల పడుతుంది, మోకాలు చిట్లుతుంది, వెనకవాళ్ళు తొక్కుతారు, గుండె ఆగుతుంది: మిగిలిన వంద మీటర్లలో నేను అన్నీ చూసేశాను, ఒక్కటీ వదల్లేదు.

చిన్నమ్మలు మాట్లాడటం మానేసింది.

"ఏటే? సెప్పవేటే! పడిపోయిందా?"

"రెండో..." పీట కిందపడిన చప్పుడు. "రెండోదే సన్యాసమ్మా! రెండు నిమిషాల పద్నాలుగు! మాస్టారు టోపీ ఇసిరేశారు. పడలేదే నీ కూతురు!"

నిజానికి ఆ ఫలితం నాకన్నా ముందు ఆఫీసుకు తెలుసు. నా పట్టీ గీత కంప్యూటరులో రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు కొండెక్కి, అక్కడ తెగిపడినట్టు కిందికి దిగిందట. పరాంకుశం గారు ఆ గీతను పక్కనే యామిని గీతతో కలిపి చూసుకున్నారు. తల్లిది నూట తొంభై. పిల్లది, పరుగు మొదలుపెట్టే ముందు, అరవై ఎనిమిది. జేబులోంచి పుస్తకం తీసి రెండూ రాసుకున్నారట.

నెల్లాళ్ళకు నివేదిక పైకి వెళ్ళింది. "క్రీడాకారిణి భారమును తల్లికి బదిలీ చేయు విధానము ఆశించిన దానికన్న అధిక ఫలితము నిచ్చినది. క్రీడాకారిణి తేలికపడినది. కావున ప్రతి క్రీడాకారునికి ఒక తల్లి చొప్పున నియమించవలెను." పైవాళ్ళు ఒప్పుకున్నారు. కమిటీలో ఒకాయన తండ్రులను కూడా ప్రయత్నిద్దామన్నాడట. ఇద్దరు తండ్రులను తెచ్చి పడుకోబెడితే నిద్రపోయారు.

ఇప్పుడు నెలకు వారం రోజులు మేం అరవై నలుగురం ఈ హాల్లోనే ఉంటున్నాం. పిల్లలు పడుకున్న మంచాలే, వాళ్ళ నంబర్లే. చిన్నమ్మలు నా పక్క మంచం. భయపడటం రానందుకు మొదటి వారం దానికి తాఖీదు ఇచ్చారు. భవానికి ఈటె తిరిగిచ్చాక, అది ఎవరికి తగులుతుందోనని చిన్నమ్మలుకూ కొంచెం కొంచెం భయం వస్తోంది. మేం జడుసుకుంటూ పడుకుంటాం. బయట గడ్డి లేదు, మేకలు లేవు. పిల్లలు మోకాళ్ళు చెక్కుకుంటున్నారు, అరుచుకుంటున్నారు, అనుమతి లేకుండా నవ్వుకుంటున్నారు. ఈల మోగినప్పుడల్లా అరవై నాలుగు మంచాలు ఒకేసారి కిర్రుమంటాయి.

సాయంత్రం సాధన అయిపోయాక వార్డెనమ్మ కాగితాలు పట్టుకుని వరస వెంట వస్తుంది. ఈరోజు ఎంత కష్టమనిపించింది, సున్నా నుంచి పది లోపల వేయాలి. ఎక్కువ వస్తే ఆ నంబరుకు ఎరుపు పడుతుందనీ, తల్లీ పిల్లా ఇద్దరినీ ఆపేస్తారనీ మాకెవరూ చెప్పలేదు. చెప్పాలా?

నిన్న యామిని మలుపులో పడి లేచింది. ఆ చప్పుడు నేను గోడ ఇవతల నుంచి విన్నాను. వార్డెనమ్మ నా మంచం దగ్గర ఆగి పెన్ను ఇచ్చింది. పది మీద నుంచి పెన్ను ఇవతలికి జరిపి వేశాను. ఒకటి. పక్కమంచం వైపు చూశాను. చిన్నమ్మలు ఒకటి వేస్తోంది. దాని అవతలావిడ కళ్ళు తుడుచుకుని ఒకటి వేసింది. ఆ చివర మంచం దాకా అందరం ఒకటే వేశాం.